గడ్డికి అగ్గి పెట్టి, సిలికాన్ సీసాలు కొంటున్నం

పోస్టు పొడుగుంటది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ ఆఖరి దాక చదవండి. కొంతమందికి కోపం రావచ్చు. రానియ్యండి.

మొన్న మాపటికి మా ఊరి పడమటి దిక్కు చూస్తే ఊరు తగలబడ్డట్టే ఉంది. యాసంగి కోతలు అయిపోయినయి. ముందు హార్వెస్టర్ పోతుంది, దాని వెనుక అగ్గిపెట్టె పోతుంది. పొద్దు గూకేసరికి ఒకటే పొగ. మా పెద్దమ్మకు ఆయాసం, రాత్రంతా మంచంల కూసుండే ఉంది. మా గట్టు మీది వేపచెట్లు రెండు ఒక పక్క మాడిపోయినయి.

ఆ అగ్గి పెట్టినోళ్లల్ల ఒక తమ్ముడు ఉన్నడు. పేరు చెప్ప. పోయిన వానాకాలం ఆయన, నేను ఒకే మందుల దుకాణంల నిలబడ్డం. ఆయన వరికి అగ్గితెగులు తగిలింది. దుకాణపాయన తెగులు మందుతోని పాటు ఒక లీటర్ సీసా కూడా చేతుల పెట్టిండు. "సిలికాన్ ఇది. చేను గట్టిపడతది, తెగులు తట్టుకుంటది" అన్నడు. తమ్ముడు మారుమాట లేకుండ పైసలు కట్టిండు. నేను సీసా తిప్పి చదివిన. ఆర్థో సిలిసిక్ ఆమ్లం, 2 శాతం. అంటే లీటర్ సీసాల ఎక్కువల ఎక్కువ 20 గ్రాములు.

ఇప్పుడు లెక్క చూడండి. ఫిలిప్పీన్స్‌ల ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం ఒక టన్ను వరిగడ్డిల 40 నుంచి 70 కిలోల సిలికాన్ ఉంటది. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా దగ్గర దగ్గర అంతే వస్తది. అంటే ఒక్క ఎకరం గడ్డిల 100 నుంచి 175 కిలోల సిలికాన్. తమ్మునికి మూడెకరాలు. ఎండకాలం మూడు క్వింటాళ్లకు తక్కువ కాకుండ ఉన్న దాని మీద అగ్గి వేసిండు. వానాకాలం దాన్నే 20 గ్రాములు కొన్నడు.

సీసా మందు పనిచెయ్యదని నేను అనట్లే. ఆకుల మీద కొట్టే సిలిసిక్ ఆమ్లం మీద బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంల పరీక్షలు చేసిన్రు, వరికి మేలు కనవడ్డదనే రాసిన్రు. నా కొట్లాట సీసాతోని కాదు. ఇంట్ల ఉన్న గాదెకు నిప్పు పెట్టి, దోసెడు గింజలకు దుకాణం కాడ నిలబడే మన తెలివితోని.

నేనేం పుణ్యాత్మున్ని కాదు. ఐదేండ్ల కింది దాక నేనూ కాలవెట్టినోన్నే. నాకున్నది నాలుగెకరాలు, కాలువ కింద. చదివింది ఇంటర్ బైపీసీ. మా అక్క కొడుకు వ్యవసాయ కాలేజీల చదివిండు. వాడు ఒకనాడు కల్లం కాడ కూసోని, "మామా, నువ్వు కాలవెట్టేది గడ్డి కాదు, నీ పొలంల వంటోళ్లకు పెట్టే బువ్వ" అన్నడు. అప్పుడు నవ్విన. తర్వాత వాడు ఫోన్ల చూపించినయి, చెప్పినయి వింటే నవ్వు రాలే.

ముందు సిలికాన్ సంగతి చెప్తా. వరి కోస్తుంటే చేతులు గీసుకపోతయి చూడండి. ఒళ్లంతా దురద లేస్తది. కొడవలి నాలుగు రోజులకే మొద్దువారితే కక్కు పెట్టించుకునేటోళ్లం. అదంత ఆకులల్ల ఉన్న సిలికా పనే. వరి మొక్క వేర్లతోని సిలికాన్‌ను నీళ్లతో కలిపి పీలుస్తది, ఆకు దాక తీసుకపోతది, నీళ్లు ఆవిరైనంక అక్కడ అది సన్న గాజు పలుకుల లెక్క గట్టిపడతది. యూరియాల ఉండే నత్రజని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సిలికాన్‌ను వరి తీసుకుంటది. దానికోసం వరి వేర్లల్ల ప్రత్యేకంగా ఒక ద్వారమే ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2006ల కనిపెట్టిన్రు. ఆ గాజు పొర ఉంటే ఆకు నిటారుగ నిలుస్తది, చేను గాలికి తొందరగ పడదు, అగ్గితెగులు బూజు ఆకులకు దిగుడు కష్టమైతది, దోమ గొట్టం దింపాలన్నా తిప్పలైతది. యూరియా ఎక్కువై సిలికాన్ తక్కువైన చేను మెత్తగ, నల్లగ, చూడ సొంపుగ ఉంటది. తెగులు దానికే ముందు తగులుతది. ఇది మనందరం కండ్లతోని చూసిందే.

"మా చెలక నేల సగం ఇసుకనే, ఇసుక అంటే సిలికానే కదా, ఇంక కొరత ఏంది?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. భూమి పైపొరల ఆక్సిజన్ తర్వాత ఎక్కువున్నది సిలికానే, బరువుల నాలుగో వంతు కన్నా ఎక్కువ. కానీ ఇసుకల ఉన్న సిలికాన్ తాళం వేసిన పెట్టెల పైసల లెక్క. ఇసుక నీళ్లల్ల కరుగుడు చానా నెమ్మది. మొక్కకు కావాల్సింది నీళ్లల్ల కరిగిన సిలిసిక్ ఆమ్లం. పెట్టె నిండ పైసలున్నా జేబుల లేకపోతే ఛాయ్ కూడా రాదు.

ఆ తాళం తీసేటోళ్లే మట్టిల ఉండే సూక్ష్మజీవులు. బాక్టీరియా, బూజులు. ఇవి గడ్డీ గాదం తిని బతుకుతయి. తిన్నప్పుడు సన్నపాటి ఆమ్లాలు వదుల్తయి. మన తీర్గనే అవి కూడా ఊపిరి వదుల్తయి, ఆ గాలి మట్టిల నీళ్లతో కలిసి ఇంకో ఆమ్లం అయితది. ఈ ఆమ్లాలు రాతి పలుకులను కొంచెం కొంచెం కొరుకుతయి. పొటాష్, సున్నం, ఇనుము, సిలికాన్ బయటికొస్తయి. మన కంటికి కనవడని సుత్తె దెబ్బలు ఇవి, రాత్రీ పగలూ పడుతనే ఉంటయి.

స్వీడన్ దేశంల దేవదారు జాతి అడవుల మట్టి తీసి చూసిన్రు. రాతి పలుకుల లోపల, అంటే గట్టి రాయి లోపల, సన్న సన్న సొరంగాలు కనవడ్డయి. చెట్ల వేర్లను అంటుకోని బతికే బూజు పోగులు తొలిచిన సొరంగాలని చెప్పిన్రు. 1997ల ఆ సంగతి ప్రపంచం మొత్తం చదివింది. రాయి తినే బూజులు అని పేరు పెట్టిన్రు. అడవికి ఎవడు ఎరువు వేసిండు? ఎవడు సీసా కొట్టిండు? 

అడవిల ఇంకో విచిత్రం ఉంది. మట్టిల, రాలిన ఆకుల కింద, చలి దేశాలల్ల నాచు కుళ్లి పేరుకపోయిన పీట్ అనే బురద నేలలల్ల, చిప్ప కట్టుకునే అమీబాలు ఉంటయి. నత్త గుల్ల తీరు. వీటిల కొన్ని ఆ చిప్పను సిలికాతోనే కడుతయి. ఇవి కంటికి కనవడవు, వీటి బతుకు కొన్ని రోజులే. ఒకటి చస్తే దాని చిప్ప కరిగి సిలికాన్ మళ్ల నీళ్లల్ల కలుస్తది, ఇంకొకటి దాన్ని పట్టుకుంటది. జర్మనీ అడవులల్ల లెక్క కట్టి చూస్తే, ఏడాదిల ఈ పురుగుల చేతుల మీదుగ తిరిగే సిలికాన్, చెట్లు పీల్చే సిలికాన్‌తోని పోటీ పడేంత ఉందని తేలింది. అంటే అడవిల సిలికాన్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతనే ఉంటది. చెట్టు తీసుకుంటది, ఆకు రాలుస్తది, ఆకును సూక్ష్మజీవులు తింటయి, సిలికాన్ మళ్ల వేరుకే అందుతది.

మన నల్లమలనే చూడండి. వెదురు కూడా వరి తీర్గనే సిలికాన్ మస్తుగ తీసుకునే జాతి. వెదురు కణుపులల్ల దొరికే వెదురుప్పు ఆయుర్వేదం మందులల్ల వాడతరు, అది చానమటుకు సిలికానే. ఎన్ని వందల ఏండ్ల నుంచి ఆ వెదుర్లు పెరుగుతున్నయో. సిలికాన్ ఒడువలే. ఎందుకంటే రాలిన ఆకు అక్కడే ఉంటది.

ఆ చక్రం తెగ్గొడితే ఏమైతదో కూడా చూసిన్రు. అమెరికాల న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంల హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధన అడవి ఉంది. 1965ల అక్కడ ఒక వాగు పరీవాహకంల చెట్లన్నీ కావాలనే కొట్టేసి, ఆ వాగు నీళ్లను ఏండ్ల తరబడి పరీక్షించిన్రు. చెట్లు పోయినంక వాగుల కొట్టుకపోయే సిలికాన్ పెరిగింది. మట్టిల చెట్లు, ఆకులు దాచిపెట్టిన నిల్వ కరిగి పోతుంటే, పట్టుకునే వేరు లేదు, కొత్తగ రాలే ఆకు లేదు.

మన పొలంల కూడా కథ ఇదే. కాకపోతే మనం రెండు పంటలకోసారి చక్రం తెంపుతున్నం.

వడ్లు అమ్ముతం, అది తప్పదు. వరి తీసుకున్న సిలికాన్‌ల నూటికి 80 వంతులు గడ్డిలనే ఉంటది, వడ్లతో పోయేది 20 వంతులే. గడ్డిల ఉన్న గాజు పలుకులు ఇసుక కన్నా ఎన్నో రెట్లు వేగంగ కరుగుతయి. అంటే గడ్డిల ఉన్నది తాళం తీసిన పెట్టె. కానీ ఆ పలుకుల మీద గడ్డి పీచు కప్పి ఉంటది. పీచును సూక్ష్మజీవులు తింటే గాని నీళ్లు పలుకులకు బాగ తగలవు. గడ్డి కుళ్లుడు, సిలికాన్ బయటికొచ్చుడు రెండూ జోడెడ్ల పని.

వియత్నాం, ఫిలిప్పీన్స్ వరి మళ్లను పక్కపక్కన పెట్టి చూసిన శాస్త్రవేత్తలు ఒక మాట చెప్పిన్రు. ఫిలిప్పీన్స్ పొలాలు అగ్నిపర్వతాల రాళ్ల నుంచి వచ్చిన కొత్త మట్టి, అక్కడ వరికి సిలికాన్ బాగ దొరుకుతది. వియత్నాంల వాళ్లు చూసిన పొలాలు పాతబడి, కొట్టుకపోయి, అరిగిపోయిన మట్టి, అక్కడ కొరత. అటువంటి కొరత నేలలల్ల గడ్డి తిరిగి మడికి పోవుడే పెద్ద ఆధారం. మన తెలంగాణ ఎర్ర నేలలు నిన్న మొన్న పుట్టిన మట్టి కాదు. యుగాల నుంచి వానకు నాని అరిగిన మట్టి. మనం ఫిలిప్పీన్స్ రైతు లెక్క నిశ్చింతగ ఉండే పరిస్థితి లేదు.

ఇగ సాకులకు వద్దాం. అన్నీ నేను చెప్పినయే, అందుకే బాగ తెలుసు.

మొదటిది: "అగ్గి పెడితే సిలికాన్ ఆవిరైతదా? బూడిదల ఉండదా?" నిజమే, ఉంటది. అబద్ధం చెప్ప. సిలికాన్ పొగల పోదు. కానీ బాగ వేడికి కాలితే అది గట్టిపడి ఇసుక తీర్గ మారుతది, కరుగుడు తగ్గుతది. ఆ బూడిద కూడా హార్వెస్టర్ వదిలిన గీతల మీదనే పడతది, గాలికి, మొదటి వానకు సగం గట్టు దాటుతది. అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది. కాలిపోయేది కర్బనం. అది సూక్ష్మజీవుల బువ్వ. దాంతోపాటు నత్రజని దాదాపు మొత్తం పోతది, భాస్వరం నాలుగో వంతు, పొటాష్ ఐదో వంతు పోతయి. ఎకరం గడ్డిల ఉండే నత్రజని అర బస్తా యూరియాకు పైమాటే, పొటాష్ ఒక బస్తాకు ఎక్కువే. మళ్ల యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టేది మనమే.

రెండోది: "టైం లేదు." వానాకాలం కోతకు, యాసంగి నాటుకు నడుమ టైం తక్కువే, ఒప్పుకుంట. కానీ యాసంగి కోసినంక వానాకాలం నాటు దాక రెండు నెలలుంటది కదా. ఆ రెండు నెలలు మనకేం పని? పెండ్లిళ్లు, పంచాయితీలు. మొన్న మా ఊరి పడమటి దిక్కు కాలింది ఆ రెండు నెలల ముంగటనే.

మూడోది: "గడ్డి దున్నితే వరి పచ్చవడతది." ఇది నా పొలంలనే అయింది. మొదటి ఏడు తెలివి తక్కువై, గడ్డి కలియదున్ని ఆరో రోజే నాటేసిన. నీళ్లు నిండ కట్టిన. పదిహేను రోజులకు చేను పసుపు. పిలక పీకి చూస్తే వేర్లు నల్లగ, కోడిగుడ్డు కుళ్లిన వాసన. ఊరంత నవ్విన్రు. "గడ్డి శాస్త్రవేత్త" అని పేరు కూడా పెట్టిన్రు, ఇప్పటికీ కొంతమంది అట్లనే పిలుస్తరు. తప్పు గడ్డిది కాదు, నా తొందరది. పచ్చి గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ముందు వాటికి కావాల్సిన నత్రజని మట్టిలకెల్లి లాక్కుంటయి. గాలి ఆడని బురదల కుళ్లితే వేర్లకు విషం లాంటి గాలి పుడతది. రెండు మూడు వారాలు వాటికి టైం ఇయ్యాలె, నడుమ ఒకసారి నీళ్లు తీసి మడి ఆరబెట్టాలె. తెల్లారి ఏడు అట్లనే చేసిన. పచ్చవడలే.

నాలుగోది: "ఖర్చు." ఒక సాలు రోటవేటర్‌కు అయ్యే డీజిల్ ఖర్చు నిజమే. ఇక్కడ సర్కారును అడగాల్సింది ఉంది. పంజాబోళ్ల పొగ ఢిల్లీకి పోతది గనుక టీవీల చూపిస్తరు, మిషన్లకు సబ్సిడీ ఇస్తరు. మన పొగ మన ఊర్లనే, మన ముసలోళ్ల ఊపిరితిత్తులల్లనే ఉంటది. అందుకే ఎవడూ అడగడు. హార్వెస్టర్‌కు వెనుక గడ్డిని ముక్కలు చేసి చల్లే అమరిక ఉంటది. మన దగ్గర తిరిగే మిషన్లకు అది ఎందుకు లేదు? కిరాయి మాట్లాడేటప్పుడు మనం ఎందుకు అడుగుతలేము?

ఐదోది కొత్తగ వచ్చింది: "కాలవెడుతలేను, బేలర్ తోని కట్టలు కట్టించి అమ్ముతున్న." కాలవెట్టుడు కన్నా వంద రెట్లు మేలు. పశువుల కడుపు నిండుతది. కానీ ఊరు దాటిన ప్రతి కట్టతోని సిలికాన్, పొటాష్ ఊరు దాటుతున్నయని యాదుంచుకోండి. మా తాతలు గడ్డి బర్లకు వేసి, పెంట దిబ్బ మళ్ల పొలానికి తోలేటోళ్లు. చక్రం తెగలే. మనం గడ్డి అమ్మి, పెంట తోలుడు బంద్ పెట్టినం.

ఇప్పుడు భూసార పరీక్ష కార్డు గురించి ఒక మాట. 2015 నుంచి సర్కారు ఇస్తున్న ఆ కార్డు మీద 12 గడులు ఉంటయి. జింకు ఉంది, బోరాన్ ఉంది, రాగి ఉంది. వరి అన్నిటికన్నా ఎక్కువ పీల్చే సిలికాన్ గడి లేదు. జపాన్‌ల 1955లనే సిలికేట్‌ను ఎరువుగ గుర్తించిన్రు. మనం ఇంత వరి పండిస్తం, వరి కొనుడు మీద ఎన్నికలే గెలుస్తరు ఓడిపోతరు, కానీ మన మట్టిల సిలికాన్ ఎంతుందో మన చేతికిచ్చే కార్డుల ఉండదు. ఆ గడి పెట్టమని అడుగుదాం. అప్పటిదాక కార్డుల ఉన్న సేంద్రియ కర్బనం గడినే చూడండి. అది అర శాతం కిందికి ఉందంటే మీ వంటోళ్లు పస్తులున్నట్టే.

పస్తులున్న పొలానికి బాక్టీరియా పాకెట్లు తెచ్చి చల్లినా ఫలితం ఉండదు. పొటాష్ కరిగించే బాక్టీరియా, సిలికా కరిగించే బాక్టీరియా అని అమ్ముతున్నరు. పది మంది కూలోళ్లను పిలిచి బువ్వ పెట్టకపోతే పని చేస్తరా? అవీ అంతే. 

నేను చేసేది చెప్తా, నచ్చితే చెయ్యండి. యాసంగి కోసినంక గడ్డిని పొలమంత పరుస్తం. తొలకరి వాన పడంగనే ఎకరానికి ఒక బస్తా సూపర్ చల్లి రోటవేటర్ కొట్టిస్త. దాని మీదనే జీలుగ చల్లుత. నాటుకు రెండు వారాల ముందు అంత కలిపి దమ్ము చేస్త. వానాకాలం గడ్డి బర్లకు పోతది, పెంట మళ్ల పొలానికే వస్తది. రైస్ మిల్లు కాడ పారబోసే ఊక బూడిద కూడా తెచ్చి ఎకరానికి నాలుగైదు బస్తాలు వేస్త. ఊక బూడిదల పదింట తొమ్మిది వంతులు సిలికానే. తెల్లగ బాగ కాలింది కాదు, నల్లగ సగం కాలింది చూసి తెస్త, అది తొందరగ కరుగుతది. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము మంచిది కాదు.

నా పంట డబుల్ అయిందని చెప్ప. కాలే. మొదటి ఏడు తగ్గింది కూడా. కానీ పోయిన వానాకాలం గాలివానకు పక్క మళ్లు చాప పరిచినట్టు పడ్డయి, నా చేను ఒంగింది గాని నేలకు అంటలే. అగ్గితెగులు ఆకుల మీద మచ్చ దాకనే ఆగింది, మెడ విరుపు రాలే. ఒక్క ఏడాది చూసి అంతా గడ్డి మహిమనే అని ప్రమాణం చెయ్య. కానీ సిలికాన్ సీసా కొనలేదని మాత్రం ప్రమాణం చేస్త.

తమ్ముడూ, ఇది నువ్వు కూడా చదువుతవని తెలుసు. నీ మీద కోపం లేదు. నీకున్న మూడెకరాలల్ల ఒక్క ఎకరం, ఒక్క యాసంగి గడ్డి కాలవెట్టకు. రోటవేటర్ కిరాయి సగం నేనిస్త. తెల్లారి ఏడు ఆ ఎకరం పిలక, పక్క ఎకరం పిలక రెండూ పీకి కల్లం కాడ పక్కపక్కన పెడదాం. ఊరంత చూస్తది. నేను ఓడిపోతే ఆ "గడ్డి శాస్త్రవేత్త" పేరు జన్మంత మోస్త.

మీ దగ్గర ఎట్లుందో కింద రాయండి. తిట్టేటోళ్లు కూడా రాయండి, కానీ ముందు మీ పొలంల కొయ్యకాళ్లు ఏం చేసిన్రో చెప్పి తిట్టండి.